పిల్లి తోక ‘ళ’

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఏడుగురు ఉన్నారు. ముందు గదిలో తాళాలు చేసే బల్ల దగ్గర నాన్న. వంటింటి గడపలో అమ్మ. గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని బావ. అతని పక్కన చాప మీద బోర్లా పడుకుని పలక మీద అక్షరాలు దిద్దుతున్న అయిదేళ్ళ పాప, అక్క కూతురు. కుర్చీలో కూర్చున్నా నిలబడ్డట్టే కనిపించే బస్సు కండక్టరు. మంచం మీద, కుడిచేతికి కట్టుతో, అక్కతో పాటు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆవిడ. ఇక తలుపు పక్కన, ఎవరికీ అడ్డం లేకుండా, ఎవరి కంటా పడకుండా నిలబడ్డ ఇంటి రెండో కూతురు, చిన్నది.

పాపను తీసేస్తే టీ తాగేవాళ్ళు ఆరుగురు. అమ్మ గూట్లోంచి ఏడు గ్లాసులు తీసింది. ఏడోది చేతిలో పట్టుకుని కాసేపు చూసి, మళ్ళీ గూట్లో బోర్లించింది.

అక్క పోయి ఆ రోజుకి ఇరవై రెండు రోజులు. ఎలా పోయిందో ఊరందరికీ తెలుసు. తెల్లవారుజామున అయిదింటికి పట్నం వెళ్ళే బస్సు తీసేశారు. ఆరింటికల్లా ఆసుపత్రిలో ఉండాల్సిన లాండ్రీ ఆడవాళ్ళు ఏడెనిమిది మంది కూరగాయల లారీ ఎక్కి వెళ్ళడం మొదలుపెట్టారు. పన్నెండో రోజున వంతెన మలుపులో ఆ లారీ పక్కకు ఒరిగింది. బుట్టల మీద కూర్చున్న అక్క మళ్ళీ ఇంటికి రాలేదు.

బస్సు ఎందుకు తీసేశారో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలీదు. చిన్నదానికి తెలుసు. ఆ సంగతి తన డైరీకి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

ఇవాళ చెప్పేద్దామని పొద్దుటి నుంచీ రెండుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి అమ్మ “ఏంటే?” అంది. “మంచినీళ్ళు” అంది చిన్నది. రెండోసారి నాన్న తలెత్తి, “ఆ సన్న ఆకురాయి ఇలా అందుకో” అన్నాడు. అందించింది. మూడోసారి గుండె చిక్కబట్టుకుని “నాన్నా” అనేలోపు వాకిట్లో కండక్టరూ, లాండ్రీ ఆవిడా కనిపించారు.

లోపలికి వస్తూ కండక్టరు మర్యాదకి తలుపు వెయ్యబోయాడు. పడలేదు. మళ్ళీ లాగాడు. బస్సు తలుపు కొట్టినట్టు కొట్టాడు కూడా.

“వదిలెయ్యండి. దానికి చెయ్యి చాలదు, కాలు కూడా కావాలి” అన్నాడు నాన్న.

ఆ తలుపు బావ చేసింది. బావ వడ్రంగి. గడియ నాన్న బిగించాడు. ఊరందరి తాళాలూ నాన్నే చేస్తాడు. అయితే ఏం, ఈ రెండూ ఒకదానికొకటి పొసగలేదు. తలుపు కింది అంచును ఎడంకాలితో కొంచెం పైకెత్తి, గట్టిగా తనవైపు లాక్కుంటేనే గడియ పడుతుంది. అదీ రెండో ప్రయత్నానికో మూడో ప్రయత్నానికో. “మీ గడియ వంకర మావయ్యా” అని బావా, “నీ తలుపు పొట్టి అల్లుడూ” అని నాన్నా ఆరేళ్ళుగా వాదించుకుంటూనే ఉన్నారు. అక్క నవ్వేది. “మామా అల్లుడూ కలిసి దొంగకి ఒక కష్టం, మాకు రెండు కష్టాలు తెచ్చిపెట్టారు” అనేది.

ఇప్పుడు ఆ మాట అనేవాళ్ళు లేరు. తలుపు ఓరగానే ఉండిపోయింది.

టీ తాగాక లాండ్రీ ఆవిడ గది నాలుగు మూలలూ చూసింది. చిన్నదాని దగ్గర ఆమె చూపు ఆగింది.

“ఏమ్మా, నువ్వేనా గుసగుస?”

చిన్నది ఉలిక్కిపడింది. ఆ పేరుతో పిలిచేది అక్క ఒక్కతే. చిన్నప్పటి నుంచీ ఏది కావాలన్నా అక్క చెవిలో గుసగుసలాడి చెప్పేది తను. అక్క దాన్ని పెద్ద గొంతుతో ఇంటికి చాటేది. “అమ్మా, గుసగుసకి ఆకలేస్తోంది. నాన్నా, గుసగుసకి పెన్సిల్ కావాలి.”

“ఇలా రా, నా పక్కన కూర్చో” అంది లాండ్రీ ఆవిడ. “నిన్ను చూడాలనే వచ్చాను. వదినా, మీకు తెలుసో లేదో, లారీలో, లాండ్రీలో పన్నెండు రోజులూ ఈ పిల్ల పేరే. ‘మా గుసగుస మీటింగులో లేచి నిలబడి అడిగిందే! మన బస్సు తీయొద్దని అంత పెద్ద ఆఫీసర్ల ముందు అడిగిందే!’ అని. నేను ఊరుకోలేదు. మనం చచ్చేట్టు దగ్గినా మన సూపర్‌వైజరు తలెత్తడు, నీ చెల్లెలు అడిగితే గవర్నమెంటు వింటుందా అన్నాను. ఎంత కోపం వచ్చిందో! తడి దుప్పటి తీసి నా మొహాన కొట్టింది.”

ఆమె నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే తెగింది.

నాన్న చేతిలో ఆకురాయి ఆగింది.

పట్నంలో యువ సలహా మండలి అని ఒకటి పెట్టారు. ఏ నిర్ణయం తీసుకోబోయినా ముందు చిన్నవాళ్ళ మాట కూడా వినాలని. పదిహేనేళ్ళ నుంచి పంతొమ్మిదేళ్ళ లోపు పిల్లలు పదకొండు మంది, ఆరు వారాలకోసారి కూర్చుంటారు. ఊరి బడి నుంచి చిన్నదాన్ని పంపారు. ఎవరితోనూ తగువు పెట్టుకోదు కాబట్టి హెడ్మాస్టరు ఆమె పేరు రాశాడు. నాన్న తాళాల కోసం వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. “కొట్టుకెళ్ళి ఉప్పు అడగడానికి సిగ్గుపడే పిల్ల, గవర్నమెంటుకి సలహా చెబుతుందిట!” ఎగతాళి చేస్తున్నట్టే అనేవాడు. కానీ అనేటప్పుడు పని ఆపి, మనిషి మొహంలోకి చూసి అనేవాడు.

“నువ్వు లేచి అడిగావా?” అన్నాడు నాన్న ఇప్పుడు. “మాకు చెప్పనేలేదేమే?”

చిన్నది తల దించుకుంది. సిగ్గుపడుతోందని అందరూ అనుకున్నారు.

“ఇదింకా వినండి” అంది లాండ్రీ ఆవిడ. “బస్సు పోయిన నాలుగో రోజున సూపర్‌వైజరు ఇద్దరికి మధ్యాహ్నం డ్యూటీ ఇస్తానన్నాడు. లారీ బాధ ఉండదు కదా. ఒకటి మీ అమ్మాయికే. వద్దంది. పాప బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండాలంది. ‘ఇంకో నెల ఓపిక పడితే చాలు. వచ్చే మీటింగులో మళ్ళీ చూస్తామన్నారట, మా చెల్లెలు చెప్పింది. బస్సు వచ్చేస్తుంది’ అంది. అంత నమ్మకం దానికి నీ మీద. ఆ డ్యూటీ ఇంకో పిల్లకిచ్చారు.”

బావ మొదటిసారి తలెత్తాడు. “మధ్యాహ్నం డ్యూటీ సంగతి నాకు చెప్పలేదు.”

“చెబితే వెళ్ళమంటావని చెప్పి ఉండదు” అంది ఆవిడ మెల్లగా.

“అంతా దాని రాత” అంది అమ్మ.

ఇరవై రెండు రోజులుగా అమ్మ రోజుకి పదిసార్లు అంటున్న మాట అది. వచ్చినవాళ్ళతో అంటుంది, గిన్నెలు తోముతూ అంటుంది, ఎవరూ లేకపోయినా అంటుంది. అన్న ప్రతిసారీ చిన్నది బడి సంచిలో దాచిన డైరీని తడిమి చూసుకుంటుంది. ఈసారి అమ్మ ఆ మాట అని ఊరుకోలేదు. లేచి వచ్చి చిన్నదాని తల తన పొట్టకు ఆనించుకుంది.

“నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాం” అంది. “దాని కోసం నోరు తెరిచిందన్నమాట. ఆ సంతోషమైనా చూసి పోయింది నా తల్లి.”

అమ్మ చీరలో పొగ వాసనా సబ్బు వాసనా కలిసి ఉన్నాయి. ఈ ఇరవై రెండు రోజుల్లో అమ్మ ఎవరినీ దగ్గరకు తీసుకోలేదు. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడు చెబితే ఈ చెయ్యి తల మీంచి తీసేస్తుంది. ఇంకొక్క క్షణం అనుకుంది చిన్నది. ఆ క్షణం కాస్తా అయిపోయింది.

కండక్టరు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తీశాడు.

“నేను వచ్చింది దీని గురించే పెద్దాయనా. డిపోలో నోటీసు బోర్డుకి అంటించిన ఆర్డరు. జిరాక్సు తీయించాను. మొదటి పేజీ టైపు. రెండోది చేతిరాత. మండలి పిల్లల తీర్మానం. పిల్లలే స్వయంగా రాసిందని అలాగే జతచేశారట.”

చిన్నది అమ్మ చేతి కింద బిగుసుకుపోయింది.

కండక్టరు కళ్ళజోడు పెట్టుకుని, ఊళ్ళ పేర్లు పిలిచినట్టు ఒక్కో మాటా విడివిడిగా చదివాడు. “ఉదయం అయిదు గంటల బస్సు వేళలను మార్చి, కళాశాల విద్యార్థులకు అనుకూలంగా ఎనిమిది గంటలకు నడపాలన్న ప్రతిపాదనపై సభ్యులు చర్చించి, ఏకగ్రీవంగా ఆమోదించారు.”

“ఏకగ్రీవంగా అంటే?” అడిగాడు బావ.

“ఒక్కరు కూడా కాదనలేదని.”

“మరి ఇది లేచి అడిగింది కదా?”

బావ గోడ నుంచి వీపు తీసి నిటారుగా కూర్చున్నాడు. ఇన్ని రోజులుగా చచ్చుబడి ఉన్న అతని మొహంలోకి ఏదో వచ్చింది. చూడటానికి భయం వేసింది, కానీ ప్రాణం వచ్చినట్టే ఉంది.

“అంటే పిల్ల అడిగింది. వాళ్ళు రాయలేదు. పైగా అందరూ ఒప్పుకున్నారని రాశారు. అంతేనా?”

“నాకూ అలాగే అనిపించింది” అన్నాడు కండక్టరు. “ఇప్పుడు అసలు సంగతి వినండి. రేపు పదింటికి మండలి మళ్ళీ కూర్చుంటుంది. ముందుగా పోయిన మీటింగు రాతను అందరికీ చదివి వినిపిస్తారు. సరిగ్గా ఉందని సభ్యులు ఒప్పుకోవాలి. ఒక్క సభ్యురాలు లేచి ‘ఇది ఇలా జరగలేదు’ అంటే చాలు, ఆ తీర్మానం నిలవదు. అది నిలవకపోతే ఆర్డరు ఆగుతుంది. డిపోలో మా పెద్దసారు తన నోటితో చెప్పాడు. అయిదింటి బస్సుకి మా డ్రైవరు ఇప్పటికీ సిద్ధంగానే ఉన్నాడు.”

“మావాళ్ళు ఇంకా ఆ లారీలోనే పోతున్నారు” అంది లాండ్రీ ఆవిడ. “నాకంటే చెయ్యి విరిగింది, ఇంట్లో కూర్చున్నాను. వాళ్ళు రేపు కూడా ఎక్కుతారు.”

“ఇది చెబుతుంది” అన్నాడు నాన్న. “ఒకసారి చెప్పిన పిల్ల రెండోసారి చెప్పలేదా?”

బావ కండక్టరు చేతిలోంచి రెండో పేజీ తీసుకున్నాడు. వేలితో గీత గీత తడుముతూ చూశాడు, చెక్క పనితనం చూసినట్టు.

“ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు” అన్నాడు. “ఇంత అందంగా రాశాడే, ఎవడు వీడు? ఎదురుపడితే తిట్టను, కొట్టను. ఒక్కటే అడుగుతాను. నీ ఎదురుగా ఒక పిల్ల నిలబడి మాట్లాడుతుంటే, మాట్లాడలేదని రాయడానికి చెయ్యెలా వచ్చిందిరా అని.” కాగితం చిన్నదాని వైపు చాపాడు. “చూడు. నీకు తెలుస్తుంది ఎవరి రాతో.”

చిన్నది చెయ్యి చాపలేదు. కాగితం వాళ్ళిద్దరి మధ్యా చాప మీద పడింది.

పాప మోచేతుల మీద పాకుతూ వచ్చి దాని మీద మొహం పెట్టింది. ఈ మధ్యే అక్షరాలు వస్తున్నాయి. ఎక్కడ కాగితం కనిపించినా తనకు తెలిసినవి వెతుక్కుంటుంది.

“పిన్నీ!” అని కేక పెట్టింది. “పిల్లి తోక!”

“ఏంటమ్మా?” అంది లాండ్రీ ఆవిడ.

“ఇదిగో, పిల్లి తోక ళ! మన ళ!” వేలు పెట్టి చూపించింది. “ఇక్కడొక పిల్లి. ఇక్కడొక పిల్లి. అమ్మో, ఇన్ని పిల్లుల్ని రాశావేంటి పిన్నీ!”

పక్కనున్న పలక ఎత్తి అందరికీ చూపించింది. పలక నిండా ళ లే. ప్రతి ళ చివర గీత కిందికి దిగి, పక్కకు తిరిగి, కొసన పైకి లేచి ఉంది. కూర్చున్న పిల్లి తోక లాగా.

అలా ఏ బళ్ళోనూ నేర్పరు. అక్క నేర్పింది. చిన్నదానికి నాలుగేళ్ళప్పుడు ళ రాయమంటే ఏడ్చేది. అక్క దానికో తోక పెట్టి, రెండు చెవులు కూడా గీసి, “ఇది ళ కాదు, పిల్లి. పిల్లిని గియ్యి చాలు” అంది. తర్వాత చెవులు పోయాయి, తోక ఉండిపోయింది. ఆ తోకే ఇప్పుడు పాపకు చిన్నది నేర్పుతోంది.

లాండ్రీ ఆవిడ నవ్వబోయి, మిగతావాళ్ళ మొహాలు చూసి ఆగిపోయింది.

బావ పలక తీసుకున్నాడు. కాగితం పక్కన పెట్టాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. తొందరపడలేదు. చివరికి పలకను పాప ఒళ్ళో మెత్తగా పెట్టేశాడు.

“నువ్వు రాశావా?”

చిన్నదాని పెదాలు కదిలాయి.

“గట్టిగా” అంది అమ్మ. ఆమె చెయ్యి ఇంకా చిన్నదాని తల మీదే ఉంది.

“నేనే రాశాను.”

“రాయమంటే రాసి ఉంటుంది” అన్నాడు నాన్న గబగబా. “చిన్నపిల్ల. పెద్దవాళ్ళు పక్కన నిలబడి చెబితే ఏం చేస్తుంది? అంతేనా అమ్మా? వాళ్ళే కదా రాయించారు?”

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. నాన్న దాన్ని అరచేతిలో పెట్టి అందిస్తున్నట్టు ముందుకు వంగి ఉన్నాడు. చిన్నది ఆయన్ని చూసింది, బావను చూసింది, పాపను చూసింది. పాప ఇంకా పిల్లుల్ని లెక్కపెడుతోంది.

“ఎప్పుడూ రాసే అబ్బాయికి ఆ రోజు జ్వరం” అంది. “నీ రాత బాగుంటుంది, నువ్వు రాయమన్నారు. పాత రిజిస్టరులో ప్రతిచోటా ‘చర్చించి, ఏకగ్రీవంగా’ అనే ఉంది. అలాగే రాయమన్నారు. నేనూ అలాగే…”

“అది కాదు నేనడిగేది” అన్నాడు బావ. “నువ్వు లేచి అడిగిన తర్వాత కూడా అలా ఎందుకు రాశావు?”

చిన్నది సంచిలోంచి డైరీ తీసింది. దాని మధ్యలోంచి నలిగి మెత్తబడిపోయిన చిన్న చీటీ తీసి చాప మీద పెట్టింది.

ఆ చీటీ మీద మూడు వాక్యాలున్నాయి. మీటింగుకి ముందు రోజు సాయంత్రం అక్క ఉతికిన బట్టలు మడతపెడుతూ చెప్పింది. ఇంట్లో దుప్పటి కూడా ఆసుపత్రి దుప్పటిలాగే నాలుగు మూలలూ కలిపి మడతపెట్టేది అక్క. “రేపు బస్సుల గురించి అడుగుతారట కదా. మూడు ముక్కలు చాలే గుసగుసా. చూడకుండా చెప్పక్కర్లేదు. రాసుకుని వెళ్ళి చదివెయ్యి. నా చెవిలో చెప్పినట్టు చెప్పు, కాకపోతే కొంచెం గట్టిగా.”

బావ చీటీ చదివాడు. “తెల్లవారుజాము బస్సు తీయకండి. మా అక్క అందులో వెళ్తుంది. లాండ్రీ వాళ్ళందరూ అందులోనే వెళ్తారు.”

“చదవలేదు” అంది చిన్నది. “ప్రతివాళ్ళ ముందూ ఒక మైకు ఉంటుంది. మాట్లాడాలంటే దాని మీద మీట నొక్కాలి. ఎర్ర దీపం వెలుగుతుంది. నొక్కాను బావా. నిజంగా నొక్కాను. దీపం వెలిగింది. అందరూ నా వైపు తిరిగారు. ఆఫీసరుగారు చెప్పమ్మా అన్నారు. చీటీ చేతిలోనే ఉంది. నేను…”

డైరీ మూసి ఒళ్ళో పెట్టుకుంది.

“పొరపాటున తగిలిందండీ అన్నాను. అందరూ నవ్వారు. దీపం ఆర్పేశాను.”

నాన్న కళ్ళు మూసుకున్నాడు.

“ఎవరూ ఏమీ చర్చించలేదు. కాలేజీకి బస్సు వస్తోందని వాళ్ళ సంతోషం వాళ్ళది. అయిదింటికి ఎవరెళ్తారో వాళ్ళకి తెలీదు. నాకొక్కదానికే తెలుసు. తర్వాత రిజిస్టరు నా ముందు పెట్టారు.”

“మరి మీ అక్కకు…” అంటూ బావ ఆగాడు. ఆ ప్రశ్న పూర్తిగా అడగడానికే అతనికి భయంగా ఉంది.

“ఇంటికి రాగానే ‘అడిగావా?’ అంది. అడిగానన్నాను. ‘ఏమన్నారు?’ అంది. వచ్చే మీటింగులో మళ్ళీ చూస్తామన్నారని చెప్పాను. ఊరికే అలా నోటికొచ్చింది. అక్క నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది. అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు. మర్నాడు నిజం చెబుదామనుకున్నాను. మర్నాడు కూడా అలాగే సంతోషంగా ఉంది.”

అమ్మ చెయ్యి తల మీంచి లేచింది. విదిలించినట్టు కాదు. బరువు మొయ్యలేక దించుకున్నట్టు మెల్లగా లేచింది.

“పోనీలే అల్లుడూ” అన్నాడు నాన్న. ఎవరికి నచ్చజెబుతున్నాడో ఆయనకే తెలీదు. “భయపడింది. భయమన్నది ఎవరికి ఉండదు?”

“భయపడినందుకు కాదు మావయ్యా” అన్నాడు బావ. అతని గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అరిచినా బాగుండేదనిపించింది చిన్నదానికి. “రాసినందుకూ కాదు. అడగలేదక్కా అని ఒక్క మాట చెప్పి ఉంటే, అది మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళేది. బస్సు వస్తుందని లారీ ఎక్కింది. వస్తుందని దీన్ని నమ్మి ఎక్కింది.”

పాప తలెత్తి వాళ్ళనీ వీళ్ళనీ చూసింది. అందరూ ఎందుకు ఊరుకున్నారో అర్థంకాక, తన వల్లే ఏదో తప్పు జరిగిందనుకుని పలక మీది పిల్లుల్ని అరచేత్తో తుడిచేసింది. బావ ఆమెను ఎత్తుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

అమ్మ మాత్రం అక్కడే నిలబడింది. అమ్మకు చదువు రాదు. చాప మీది కాగితాన్ని తీసి, తలకిందులుగా పట్టుకుని చూసింది.

“ఇన్నాళ్ళూ దాని రాత, దాని రాత అనుకుంటున్నానే” అంది. “నీ రాతా?”

కండక్టరు లేచాడు. ఏమనాలో తెలీక, లాండ్రీ ఆవిడ సంచి తన భుజానికి తగిలించుకున్నాడు. ఆవిడ చిన్నదాని ముందు ఒక్క క్షణం ఆగింది, తన మంచి చెయ్యి ఎత్తింది, మళ్ళీ దించుకుంది. “నేను మెచ్చుకుందామనే చెప్పానమ్మా” అంది. ఇద్దరూ మెట్లు దిగారు.

కుర్చీ మీద కండక్టరు కళ్ళజోడు మిగిలిపోయింది. చిన్నది దాన్ని తీసుకుని పరుగెత్తింది. ఇంట్లోంచి బయటపడటానికి ఏదో ఒక పని దొరికినందుకు పరుగెత్తింది.

వీధి మలుపులో అందుకుంది. కండక్టరు కళ్ళజోడు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. వెంటనే కదల్లేదు.

“మీ అక్క కిటికీ పక్కన కూర్చునేది” అన్నాడు. “కూర్చోగానే నిద్ర. ఆసుపత్రి దగ్గర దాని చెవి పక్కన విజిల్ ఊదేవాణ్ణి. రోజూ తిట్టేది నన్ను.” కాసేపు నేల చూశాడు. “నీ మీద కోపం లేదని అనలేనమ్మా. ఉంది. అయినా ఒక్క మాట చెబుతాను. మేమనుకున్నదే నిజమైతే, నువ్వు వెళ్ళి నీ మాటను వాళ్ళు చెరిపేశారని చెబితే సరిపోయేది. ఇప్పుడు అలా చెబితే అదింకో అబద్ధం. రేపు నువ్వు లేచి, ఈ రాత నాది, ఇది తప్పు అని చెప్పాలి. ఆ మీట నొక్కి చెప్పాలి. వస్తావా?”

చిన్నది బస్సు ఆగే వైపు చూసింది.

“అమ్మను తోడు తెచ్చుకుంటావో, నాన్నను తెచ్చుకుంటావో నీ ఇష్టం. ఎనిమిదింటి బస్సులో నేనే ఉంటాను” అన్నాడు కండక్టరు. లాండ్రీ ఆవిడ అప్పటికే ముందుకు నడుస్తోంది. అతను ఆమె వెనకే వెళ్ళాడు.

చిన్నది ఇంటి వైపు తిరిగింది. నాన్నను తోడు రమ్మని అడగాలి. చెవిలో చెప్పినా ఫరవాలేదు, అడగాలి. నడుస్తూ ఆ మాటలు లోలోపల వరసపెట్టుకుంది. నాన్నా, రేపు నాతో రా. నువ్వు పక్కనుంటే చెబుతాను. మూడు ముక్కలు కూడా లేవు, రెండే. రెండు చాలు.

మెట్ల దగ్గరకు వచ్చేసరికి తలుపు వెనక మనిషి నీడ కనిపించింది. అమ్మ. ఆమె చేతిలో ఆ కాగితం ఇంకా ఉంది.

“అమ్మా, రేపు నేను…” అంది చిన్నది. గట్టిగానే అంది. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా మాట్లాడలేదు. పక్కింటి కిటికీలోంచి ఎవరో తొంగిచూశారు.

అమ్మ ఆమెను చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. కొత్త మనిషి మొహాన్ని గుర్తుపట్టడానికి చూసినట్టు చూసింది.

అది గాలికి పడే తలుపు కాదు. పొరపాటున చెయ్యి తగిలితే పడేదీ కాదు. చిన్నది చూస్తుండగానే అమ్మ ఎడంపాదం తలుపు అంచు కిందికి వచ్చింది. తలుపు కొంచెం పైకి లేచింది. సందు బెత్తెడయింది, వేలెడయింది, గీతంతయింది.

ఆరేళ్ళలో మొదటిసారి, గడియ ఒక్క ప్రయత్నానికే పడింది.